మనసు చదువు మన పల్లెలకూ కావాలి

మనస్తత్వశాస్త్రం అనగానే పిచ్చివాళ్లకు సంబంధించిన చదువని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. చదివింది ఎలా గుర్తుంటుంది, మరుపు ఎందుకు వస్తుంది, పసిబిడ్డ మాటలెలా నేరుస్తుంది, కోపం, భయం ఎలా పుడతాయి, గుంపులో చేరిన మనిషి ఎందుకు మారిపోతాడు - డిగ్రీలో చెప్పేవి ఇవే. ప్రయోగాలు, గణాంకాలు కూడా ఉంటాయి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే శాస్త్రజ్ఞుడు ఇందుకు ప్రయోగశాల నెలకొల్పాడు. మన పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు ఈ శాఖను ప్రారంభించారు.

డిగ్రీతోనే వైద్యం చేసే అర్హత రాదు. దానికి పైచదువు, శిక్షణ కావాలి. అయినా ఈ డిగ్రీ చదివినవారు ఊళ్లో ఉంటే ఎంతో మేలు. అక్షరాలు తారుమారుగా రాసే పిల్లవాణ్ణి మొద్దని కొట్టనివ్వరు, కారణం వెతకమంటారు. తిండి మాని మూల కూర్చున్న కోడలిని భూతవైద్యుడి దగ్గరకు కాదు, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకుపొమ్మంటారు. అప్పుల దిగులుతో ఉన్న రైతు చేత 14416కు ఫోన్ చేయిస్తారు. ఆ నంబరుకు ఖర్చు లేదు.

ఇంతటి ఉపయోగమున్న చదువు అనకాపల్లి జిల్లా కళాశాలల్లోనే పల్లె పిల్లలకు అందేలా అధికారులు చూడాలి. చదువుతామన్న పిల్లలను తల్లిదండ్రులు వెనక్కి లాగరాదు.