గడప తొక్కకుండా సర్వే రాయకండి

రెండో సెమిస్టరు చివరి పేపరు రాసేశారు. హాస్టల్ గది ఖాళీ చేసి, పెట్టె, పరుపు బస్సెక్కించి ఇంటికి చేరారు. మీ కాలేజీలో ఇప్పుడు ఆఫీసు గది తలుపొక్కటే తెరిచి ఉంటుంది, అదీ మధ్యాహ్నం దాకానే. కనిగిరి వైపో, పాడేరు వైపో, పత్తికొండ వైపో, ఏదో ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మొదటి ఏడాది ముగించిన తమ్ముడూ, చెల్లీ, ఈ మాటలు మీతోనే.

సెలవులిస్తూ మీ చేతికో లాగ్‌బుక్ ఇచ్చి పంపారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్‌తో మొదలైన పద్ధతి ఇది. మొదటి ఏడాది అయ్యాక వచ్చే వేసవిలో విద్యార్థి ఒక ఊరికో వార్డుకో వెళ్లాలి. ఇంటింటి స్థితిగతులు తెలుసుకోవాలి. ఒక సమస్యను పట్టుకుని లోతుకు వెళ్లాలి, దాని గురించి ఆ జనంతో మాట్లాడాలి, చూసిందంతా నివేదికగా రాయాలి. ఆపైన వైవా.

తరవాత చాలాచోట్ల ఏం జరుగుతోందో మీకు తెలుసు, నాకూ తెలుసు. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో పోయినేడాది సీనియర్ రాసిన రిపోర్టు దొరుకుతుంది. ఊరి పేరు మారుతుంది, హాల్‌టికెట్ నంబరు మారుతుంది. మిగతాదంతా అదే. సర్వే ఫారాలు వేపచెట్టు కింద కూర్చుని ఒక పూటలో నింపేస్తారు. ఫలానా ఇంట్లో నలుగురు, నెలకు పదివేలు, మరుగుదొడ్డి ఉంది, తాగునీరు కుళాయి. పక్కింట్లో ఐదుగురు, తొమ్మిదివేలు, మరుగుదొడ్డి ఉంది, కుళాయి. ఆ ఇల్లు ఉందో లేదో ఎవరూ చూడరు. అధ్యాపకులు చూసీచూడనట్టు సంతకం పెడతారు. మార్కులు పడతాయి.

దీన్ని చిన్న తప్పుగా తీసిపారేయడం నా వల్ల కాదు. పరీక్షలో కాపీ కొడితే మీరు నష్టపోతారు. ఈ కాగితం మీద అబద్ధం రాస్తే ఒక ఊరు నష్టపోతుంది. ఉన్న బాధ లేదని రాసినట్టవుతుంది. పద్దెనిమిదేళ్ల వయసులో మీ చేతికి తొలిసారి వచ్చిన అధికారమిది. ఒక మనిషి జీవితం గురించి మీరు రాసింది నిజమని ఒక విద్యాసంస్థ నమ్ముతుంది. ఆ అధికారాన్ని ఇంత చౌకగా వదులుకోకండి.

మా చిన్న కాలేజీలో ఏముంటుంది, మేమేం పరిశోధన చేస్తాం అంటారా? పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లు ఎంతో కష్టపడితే తప్ప దొరకనిది మీకు పుట్టుకతోనే దొరికింది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వేర్వేరు విభాగాల వాళ్లను జట్టుకట్టించి హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటకు పంపింది. ఆ జట్టును నడిపిన ఎస్.సి. దూబే హిందీ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఊరి పద్ధతులూ, వరసలూ, ఎవరింటికి ఎవరు వెళ్తారో ఎవరు వెళ్లరో అన్నీ అడిగి తెలుసుకోవాల్సినవాడు. ఆ కష్టం నుంచే 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకం వచ్చింది. మన తెలుగు ఊరొకటి ప్రపంచమంతా చదివే సామాజికశాస్త్ర గ్రంథమైంది. మీకో, భాష మీదే. మీరు వాకిట్లోకి రాగానే ‘ఫలానావాళ్ల అబ్బాయివి కదూ’ అని పీట వేసి కూర్చోబెట్టే అత్తలున్నారు, పిన్నులున్నారు. దూబే సంపాదించుకోవాల్సి వచ్చిన నమ్మకం మీ దగ్గర ముందే ఉంది. మీరు చేయాల్సిందల్లా వెళ్లి అడగడం ఒక్కటే.

ఇంకా వెనక్కి వెళ్తే, కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు వాడు. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర కొలువులో చేరి ఊళ్లు తిరిగాడు. శాసనాలు చదివాడు, చదివించాడు. 1803లో ముప్పై ఏళ్లయినా నిండకుండానే చనిపోయాడు. ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. ఈరోజు మన ఊళ్ల పాత చరిత్ర వెతికేవాళ్లు మొదట తెరిచే కైఫీయతులు ఆ తిరుగుడు వల్ల మిగిలినవే. మీకన్నా రెండుమూడేళ్లు పెద్దవాడు మొదలుపెట్టిన పని అది.

అయితే ఆ కైఫీయతుల్లో ఒక లోటుంది. వాటిని ఎక్కువగా చెప్పింది కరణాలు. గుడి మాన్యాలెన్ని, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాజు కాలంలో ఏ దానం జరిగింది, అవన్నీ ఉన్నాయి. ఆ చెరువు మట్టి మోసినవాళ్ల మాట చాలా తక్కువ. ఎవరి నోటి మాట కాగితానికెక్కుతుందో వాళ్లదే చరిత్ర అవుతుంది. అందుకే మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను: మీ సర్వే ఊరి నడిమధ్యన మొదలుపెట్టకండి. ఊరి చివర మొదలుపెట్టండి.

మీది పెద్దవీధి అయితే, పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్నా ఎస్సీ కాలనీలో ఒక్క ఇంట్లోకీ అడుగు పెట్టకుండా పద్దెనిమిదేళ్లు గడిచి ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ వద్దని చెప్పి ఉండకపోవచ్చు కూడా. వెళ్లే పని పడలేదంతే. ఇప్పుడు పడింది. వెళ్లండి. వాళ్లు కూర్చోమన్నచోట కూర్చోండి, ఇచ్చిన మంచినీళ్లు తాగండి. మీరు ఆ కాలనీ పిల్లలే అయితే, మీ ఇంటి లెక్క వేరేవాళ్లు రాసేదాకా ఆగకండి. మీ కాలనీకి నీళ్ల ట్యాంకరు ఏ పూట వస్తుందో, శ్మశానానికి దారి ఎక్కడ తెగిపోయిందో మీకన్నా బాగా రాయగలవాళ్లు లేరు. పెద్దవీధికి కూడా మీరే వెళ్లండి. అక్కడ వాకిట్లో నిలబెట్టి మాట్లాడితే, నిలబెట్టారనే రాయండి. అదీ సర్వేలో భాగమే.

అడిగే తీరు గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదటి వారంలో చాలామంది విసిగిపోయేది ఇక్కడే. ఫారం పట్టుకుని వరసగా ప్రశ్నలు చదవకండి. అలా చదివితే రేషన్ కార్డు తీసేయడానికొచ్చారని భయపడతారు. ఆదాయం ఎంతని అడిగితే నిజం రాదు, రావాలని ఆశించడం కూడా న్యాయం కాదు. పోయిన పండక్కి బట్టలెక్కడ కొన్నారు, ఆస్పత్రికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్లారు, అప్పుడు డబ్బెవరిచ్చారు, డ్వాక్రా గ్రూపులోంచా, బంగారం కుదువ పెట్టా, నూటికి ఎంత వడ్డీకి, అని అడగండి. జీవితం బయటికొస్తుంది. పొద్దున పదింటికి వెళితే ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ దొరకరు. వేసవిలో ఉపాధి పనికి తెల్లారకముందే పోయి ఎండెక్కాక తిరిగొస్తారు. వాళ్లు అన్నం తిని నడుం వాల్చే వేళ తలుపు కొట్టకండి. సాయంత్రం దీపాల వేళ వెళ్లండి. ఇంట్లో మగవాళ్లున్నప్పుడు ఆడవాళ్లు ఒక జవాబు చెబుతారు, పొయ్యి దగ్గర వేరే జవాబు చెబుతారు. చెల్లెళ్లూ, ఆ రెండో జవాబు మీకు మాత్రమే దొరుకుతుంది. ఇద్దరిద్దరు కలిసి వెళ్లండి, ఇంట్లో చెప్పి వెళ్లండి, కానీ వెళ్లండి. చెప్పినవాళ్ల పేరు ఎక్కడ రాయాలో ఎక్కడ రాయకూడదో ఆలోచించండి. ఎవరి ఇంటి గుట్టూ పక్కింటికి మీ నోటి నుంచి చేరకూడదు.

ఇక నీళ్ల గడి. ఫారంలో అదొక చిన్న గడి: తాగునీటి వనరు. కుళాయి, బోరు, బావి అని మూడు మాటలుంటాయి. ఒకదాని మీద టిక్కు పెట్టి వదిలేస్తాం. ఆ గడి వెనక ఎంత ఉందో చూడండి. నడుం వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయి, పళ్లు గారపట్టి తరాలు గడిచాయి మన దగ్గర. కర్మ అనుకున్నారు, ఊరి దోషం అనుకున్నారు. 1937లో షార్ట్ అనే వైద్యుడూ, ఆయన తోటివారూ అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ మనుషులను పరీక్షించి, వాళ్లు తాగే నీళ్లనూ పరీక్షించి, దోషం నీటిలోని ఫ్లోరైడ్‌దని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలినాటి వైద్యపత్రాల్లో అదొకటి. వాళ్లు చేసిందేమిటి? మనిషి దగ్గరికి వెళ్లారు, ఆ మనిషి తాగే నీటి దగ్గరికి వెళ్లారు, రెండింటినీ కలిపి చూశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. మీ ఊరి బోరులో ఎంతుందో మీ ఊళ్లో ఒక్కరికైనా తెలుసా? గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షా కేంద్రాలున్నాయి. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టుకెళ్లి అడగండి. కెమిస్ట్రీ గ్రూపువాళ్లయితే మీ మేడమ్‌ను బతిమాలి కాలేజీ ల్యాబ్ తాళం తీయించండి. సెలవులైతే ఏం, బ్యూరెట్లకు సెలవుల్లేవు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఇళ్లలో కిడ్నీలు చెడిపోయి ఎంతమంది పోయారో ఆ ప్రాంతం పిల్లలకు చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు పుట్టినవాళ్లు ఆ మాట వింటూనే పెరిగారు. ఎందరో నిపుణులు వచ్చి వెళ్లారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. డిగ్రీ మొదటి ఏడాది కుర్రాడు దాన్ని తేలుస్తాడని నేననడం లేదు. కానీ ఒక్కో ఇంట్లో ఎవరు ఏ వయసులో జబ్బుపడ్డారు, అప్పటికి ఏ పని చేసేవారు, ఏ బావి నీళ్లు తాగేవారు అన్నది ఓపికగా, నిజాయితీగా రాసిన ఒక్క వీధి లెక్క ఉంటే, రేపు వచ్చే పరిశోధకుడికి అది దారి చూపగలదు. చెట్టుకింద కూర్చుని అల్లిన లెక్క అతణ్ని దారి తప్పిస్తుంది.

నాకు తెలుసు, మీలో చాలామందికి సెలవులంటే విశ్రాంతి కాదు. పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్‌కు వెళ్తారు, అర్ధరాత్రి దాకా వడ్డించి బఫే బల్లల వెనకే కునుకు తీస్తారు. మిరప కోతకు, మామిడి తోటకు, అమ్మ బదులు ఉపాధి పనికి వెళ్తారు. జూన్‌లో కట్టాల్సిన ఫీజు ఆ డబ్బులోంచే రావాలి. మీకు సమయం లేదన్నది నిజం, ఆ నిజాన్ని నేను తక్కువ చేయను. కానీ పని చేసేచోటే మీ సర్వే ఉంది. మీతో వడ్డించే కుర్రాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఇంటర్ ఎందుకు ఆపేశారు, రోజుకెంత ఇస్తారు, ఎన్ని రోజులకిస్తారు? తోటలో మగవాళ్లకెంత కూలి, ఆడవాళ్లకెంత? ఈ విషయం మీద రాస్తానని మీ మెంటర్‌ను అడగండి. ఒప్పుకోకపోతే రెండోసారి అడగండి. చదువుకునే కుర్రాడికీ పనిచేసే కుర్రాడికీ మధ్య గోడ కట్టుకోవద్దు. ఆ ఇద్దరూ మీరే కదా.

ఇంతా చేస్తే ఏం మారుతుందని అడిగేవాళ్లు మీ పక్కనే ఉంటారు. వాళ్లకు దూబగుంట గురించి చెప్పండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు కింద కూలితల్లులకు అక్షరాలు దిద్దించిన వాలంటీర్లలో ఎందరో మీ ఈడు పిల్లలే. జీతంలేని పని. వాచకంలో సారా గురించిన పాఠం వచ్చింది. అది మా ఇంటి కథే అన్నారు ఆ తల్లులు. దూబగుంటలో సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరూరా ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. పాఠం చెప్పిన ఆ పిల్లల పేర్లు మనకు తెలియవు. వాళ్లు ఆ రాత్రులు హాజరు వేసుకుని ఇంటికి పోయి ఉంటే ఆ పాఠం పుస్తకంలోనే ఉండిపోయేది.

కాబట్టి ఒక మాట పట్టుకోండి. ఎన్ని ఇళ్లు రాయాలని మీ మెంటర్ చెప్పారో అన్ని ఇళ్లకూ స్వయంగా వెళ్లండి. తాళం వేసి ఉంటే ‘తాళం’ అని రాయండి, వలస పోయారంటే ఎక్కడికో కనుక్కుని రాయండి. రాసింది రెండు కాపీలు తీయండి. ఒకటి కాలేజీకి. రెండోది మీ ఊరికి. చెప్పినవాళ్లకు వాళ్లేం చెప్పారో తిరిగి వినిపించడం మీ బాకీ. రచ్చబండ దగ్గరో, అంగన్‌వాడీ అరుగు మీదో ఒక సాయంత్రం జనాన్ని కూర్చోబెట్టి, పేర్లు చెప్పకుండా, లెక్కలు చదవండి. తప్పుంటే దిద్దుతారు. దిద్దనివ్వండి.

ఇంకొకటి. ఈ ఏడాది మీకు పద్దెనిమిది నిండాయి, లేదా నిండబోతున్నాయి. ఓటరు జాబితాలో పేరెక్కిన రోజు నుంచి మీరు మీ ఊరి గ్రామసభలో సభ్యులు. సర్పంచ్ పిలిస్తేనే వెళ్లే అతిథి కాదు, సభ్యులు. రాజ్యాంగం ఇచ్చిన స్థానం అది. ఈసారి గ్రామసభ ఎప్పుడో పంచాయతీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మీ సర్వే కాగితాలు పట్టుకుని వెళ్లండి. ముందు వరసలో కుర్చీలు వేసుకున్నవాళ్లను చూసి వెనక్కి తగ్గకండి, గొంతు వణికినా ఫర్వాలేదు. మా ఊళ్లో ఇన్ని ఇళ్లకు వెళ్లాను, ఇన్ని ఇళ్లలో నీళ్ల ఇబ్బంది ఉంది, ఇన్ని ఇళ్లలో చదువు మానేసిన పిల్లలున్నారు, అని చదవండి. చదివాక పంచాయతీ కార్యదర్శి గారిని అడగండి, ఇది తీర్మానాల పుస్తకంలో రాయమని. మీ పేరుతో సహా రాసేదాకా ఆయన పక్కనే నిలబడండి.