చేతులు మారిన కెమెరా

నైజాము రాజ్యమున 1940 ప్రాంతములలో చెంచులను, గోండులను చిత్రించిన హైమన్‌డార్ఫ్ పండితుని ఛాయాచిత్రములు నేటికిని అమూల్యములే. అయినను వానిలో చూచువాడొకడు, చూడబడువారు వేఱొకరు. మానవశాస్త్రజ్ఞుని కెమెరాకు పుట్టుకతో వచ్చిన యీ లోపమును సవరింపనెంచి 1966లో అమెరికాలో సోల్ వర్త్, జాన్ అడేర్‌లు నవాహో జాతివారి చేతికే కెమెరా నిచ్చి చూచిరి. అట్టి ప్రయత్నమే, అంతకంటె దీర్ఘకాలము నిలిచినది, మన నారాయణఖేడ్ పొరుగున జహీరాబాదు చెలకలలో జరిగినదని తెలుగు పాఠకులలో ఎందఱికి తెలియును?

మైసూరువారైన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా చేయి తిరిగినవారు. 1983లో మిత్రులతో కలసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నెలకొల్పి, పస్తాపూర్ కేంద్రముగా దళిత స్త్రీల సంఘములతో పనిచేయుచు, తాను చిత్రములు తీసి పేరు గడింపగలిగియుండియు, ఆ విద్యను అక్షరమెఱుగని కూలిస్త్రీలకు నేర్పుటకే పూనుకొనిరి. ఆ స్త్రీలు నేర్చిన తీరు వినదగినది. పైనుండి క్రిందికి తీసిన దృశ్యమును వారు పటేల్ షాట్ అనిరి. అరుగుపై కూర్చున్న పటేలు కూలివారిని చూచునది అట్లే గదా! క్రిందినుండి పైకి చూచునది జీతగాని చూపు. ఎదుటి మనిషి కన్నులకు సమముగ కెమెరా నిలిపినచో అది సంఘం షాట్, ఏలనన సంఘములో అందఱును ఒకే ఎత్తున కూర్చుందురు. సినిమా బడులలో ఏండ్ల తరబడి చదివినవారికైనను ఈ వివేకము అబ్బునని మేము పూచీపడజాలము.

ఆ చేతులే 2003 నాటికి వరంగల్లు రైతుల బీటీ పత్తి కష్టములను చిత్రముగా తీసినవి. ఆ చిత్రము పక్షము వహించినదన్న విమర్శ కలదు. వహించినమాట నిజమే, దాచుకొనలేదు. విత్తనపు కంపెనీల ప్రకటనలు మాత్రము ఏ పక్షము వహింపక వెలువడుచున్నవా?

ఆ స్త్రీలే నెలకొల్పుకొన్న రేడియో కథ ఇంకను విచిత్రము. వాయుతరంగములు ప్రజల సొత్తని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, మాచ్నూరు గ్రామములో స్టూడియో సిద్ధమై ఏండ్లు గడచినను, సంఘం రేడియో ప్రసారము 2008 అక్టోబరు 15న గాని మొదలు కాలేదు. అందాక ఆ స్త్రీలు తమ మాటలను, పాటలను టేపులకెక్కించి సంఘములలో వినిపించుకొనిరి. సజ్జ, కొఱ్ఱ, సామ, పచ్చజొన్నల సాగును గూర్చి సేద్యము చేయువారే ముచ్చటించు వాణి అది.

సతీష్ 2023 మార్చి 19న కన్నుమూసిరి. దళిత స్త్రీల ఆత్మకథలకు సాహిత్యచరిత్రలో చోటిచ్చుచున్న మన విమర్శకులు, ఆ స్త్రీలు తీసిన చిత్రములను మాత్రము సాహిత్యేతరములని ప్రక్కకు నెట్టుట న్యాయము గాదు. వీడియో టేపు కలకాలము నిలుచునది కాదు గనుక విశ్వవిద్యాలయములు వెంటనే వానిని భద్రపఱుపవలెననియు, నారాయణఖేడ్, జహీరాబాదు కళాశాలల అధ్యాపకులు తమ విద్యార్థులకు ఒక్క సాయంత్రమైనను తెరకట్టి చూపవలెననియు కోరుచున్నాము.