నలభై మందిలో ఫోను చేసిందెవరు?

జాతీయ రహదారిపై మా అడ్డరోడ్డు వద్ద గత నెలలో ఒక ప్రమాదం జరిగింది. పాల క్యాన్లతో మోపెడ్‌పై వస్తున్న ఒక పెద్దాయనను గుర్తు తెలియని కారు ఢీకొని, ఆగకుండా వెళ్ళిపోయింది. వార్త రెండంగుళాల్లో వచ్చింది. "స్థానికులు క్షతగాత్రుని 108 వాహనంలో ఆసుపత్రికి తరలించారు" అన్న వాక్యంతో ముగిసింది. రాసింది ఈ విలేకరే. ఆ వాక్యం అబద్ధం కాదు. అయితే అసలు సంగతి అందులో లేదు.

స్థానికులు కదిలింది నిజమే, కాని ఇరవై నిమిషాల తరువాత. "ఈ విలేకరి" అని రాసుకుంటే తప్పు ఎవరిదో తెలియకుండా పోతుంది గనుక ఈ ఒక్కసారికి నేను అనే రాస్తాను.

ఉదయం ఏడు కావస్తున్నది. టీ బంకు వద్ద, ఆటోల వద్ద, బస్సు కోసం నిలబడినవారు కలిసి నలభై మందికి తక్కువ లేరు. చప్పుడు వినగానే అందరం పరుగెత్తాం. పరుగెత్తి, నాలుగు గజాల దూరంలో గుండ్రంగా నిలబడ్డాం. పెద్దాయన కాలు బండి కింద ఉంది. పాలూ రక్తమూ కలిసి రోడ్డు మీద పారుతున్నాయి. అయ్యో అన్నవారున్నారు. ఏ ఊరాయన అని అడిగినవారున్నారు. కారు తెలుపా, వెండిరంగా అని వాదులాడుకున్నవారున్నారు. అయిదారుగురు సెల్ ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. నేను నోటుబుక్కు తీసి సమయం రాసుకున్నాను. 108కి ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారనుకున్నాను. తరువాత వాకబు చేస్తే, నేను అడిగిన ప్రతివాడూ అదే అనుకున్నానని చెప్పాడు.

అంతలో మిరపకాయల కోతకు కూలీలను తీసుకుపోతున్న ఆటో అక్కడ ఆగింది. యాభై ఏళ్ళ ఆమె ఒకరు దిగి, గుంపును తోసుకుని లోపలికి వచ్చింది. "ఫోను ఎవురు జేశారయ్యా?" అని అడిగింది. ఒక్కరూ పలకలేదు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"ఓ ఎర్రచొక్కా అబ్బాయ్, నువ్వు నూటెనిమిదికి చెయ్యి. ఏమయ్యా, నువ్వు ఇటొచ్చి ఈ బండెత్తు. ఆ పుస్తకం పట్టుకున్నాయన, నువ్వు పోయి లారీలనాపు" అని ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించి చెప్పింది. తన తలగుడ్డ విప్పి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకు కూర్చుంది.

అంతే, అందరూ కదిలారు. బండి లేచింది. ఎండ తగలకుండా గొడుగు వచ్చింది. పెద్దాయన ఫోనులోంచి కొడుకు నంబరు వెతికి ఒకరు కబురు చేశారు. ఇంకొకరు గ్లాసుతో నీళ్ళు తెచ్చారు (అలాంటి స్థితిలో తాగించకూడదని తరువాత 108 సిబ్బంది చెప్పారు). నేను నోటుబుక్కు జేబులో పెట్టుకుని, రోడ్డుకడ్డంగా నిలబడి లారీలు ఆపాను. పావుగంటలో అంబులెన్సు వచ్చింది.

పెద్దాయన ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కిందకు తీసివేశారు. ఆ ఇరవై నిమిషాలకూ ఆ కాలికీ సంబంధం ఉందా అని డాక్టరును అడుగుదామని రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాను. రెండుసార్లూ అడగకుండానే తిరిగివచ్చాను.

మరునాడు బంకు దగ్గర, జనంలో మానవత్వం చచ్చిపోయిందని తీర్మానం జరిగింది. తీర్మానించినవారంతా ఆ గుంపులో నిలబడినవారే. ఆ మాట నాకు సరిగా తోచలేదు. ఎందుకంటే ఆ బంకు యజమాని సంగతి నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఒక వానాకాలపు రాత్రి బంకు కట్టేస్తుండగా ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. చుట్టుపక్కల పురుగు లేదు. ఈయనే ఎత్తుకుని, ఆటోవాణ్ణి నిద్రలేపి, పట్నం ఆసుపత్రికి తీసుకుపోయి, తెల్లవారిందాకా అక్కడే కూర్చున్నాడు. మందుల డబ్బు కూడా తనదే. అదే మనిషి మొన్న చేతిలో టీ వడకట్టే గుడ్డతో అలాగే నిలబడిపోయాడు. ఆ రాత్రి పని మొత్తం ఆయనది. మొన్న మాత్రం నలభయ్యో వంతే ఆయనది.

ఇది మన ఊళ్ళకే పట్టిన జబ్బు కాదు. బి.ఎడ్. చదివిన మా తమ్ముడి మనస్తత్వ శాస్త్రం పుస్తకం తిరగేస్తే ఇదే విషయం కనిపించింది. 1964లో న్యూయార్కులో కిట్టీ జినోవీస్ అనే యువతిని ఒక దుండగుడు ఆమె ఇంటి దగ్గరే పొడిచి చంపాడు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి పెద్ద పత్రిక ఒకటి రాసింది. ఆ లెక్క అతిశయోక్తి అని తరువాతి కాలంలో తేలింది. మా వృత్తిలోని వారు గుర్తుంచుకోవలసిన సంగతి అది. అయితే ఆ వార్త చదివి జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు అనుమానం వచ్చింది. విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి కాగితాలు నింపమని, గోడలోని కంతలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 100కు 75 మంది లేచి వెళ్ళి చెప్పారు. కదలకుండా కూర్చోమని ముందే చెప్పిన ఇద్దరిని పక్కన ఉంచితే, 10 మందిలో ఒక్కడే లేచాడు. మిగతావారు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ కాగితాలు నింపారు. 1968లో ఆ ఫలితాలు ప్రకటించారు. ఆ పొగలో కూర్చున్నవారిని చదువుతుంటే నాకు మా అడ్డరోడ్డే కనిపించింది.

పోలీసు కేసుకు భయపడి జనం ముందుకు రావడం లేదని కొందరంటారు. సాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఉత్తర్వులిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134-ఏ సెక్షను చేర్చారు. సాయం చేసినవారు తమ పేరు చెప్పి తీరాలని పోలీసులు గాని ఆసుపత్రివారు గాని పట్టుబట్టరాదు. తీవ్రంగా గాయపడినవారిని సకాలంలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం 2021లో 5,000 రూపాయల బహుమతి ప్రకటించి, 2025లో దానిని 25,000 చేసింది. ఇవి జనానికి తెలియవలసినవే. కాని నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆ గుంపులో కేసు అన్న మాట నాకు వినబడలేదు. అది మరునాడు బంకు దగ్గర పుట్టిన కారణం.

ఇంకో సంగతి. ఆ కారువాడు ఆగి ఉంటే ఆ నలభై మందే వాణ్ణి చావగొట్టి ఉండేవారు. నేను రాయి విసరను గాని ఆపేవాణ్ణి కూడా కాదేమో. మొదటి దెబ్బ ఒకడు వేస్తే చాలు, మిగతావారికి అది తమ దెబ్బ అనిపించదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న వాట్సప్ పుకార్లు నమ్మి తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. కొట్టినవారిలో విడిగా చూస్తే చీమకు హాని చేయనివారు ఎందరో ఉండి ఉంటారు.

కాబట్టి జనానికి మానవత్వం గురించి ఉపన్యాసాలు చెప్పి లాభం లేదు. ఎవరి పని ఏమిటో ముందే తేల్చుకోవాలి. అడ్డరోడ్డులో ఉదయం నుంచి రాత్రి వరకు ఉండేది బంకువారు, పంక్చరు షాపువారు, ఆటో స్టాండువారు. ఫోను చేసేది ఫలానావారు, వాహనాలు ఆపేది ఫలానావారు అని పంచాయతీవారూ పోలీసువారూ ఒక పూట కూర్చోబెట్టి నిర్ణయిస్తే ఖర్చేమీ లేదు. రక్తం కారకుండా అదిమిపట్టడం 108 సిబ్బంది ఒక గంటలో నేర్పగలరు. ఇక గుంపులో ఉన్నవారు చేయవలసింది, ఆ మిరపకాయల కూలీ ఆమె చేసిందే. "ఎవరైనా ఫోను చేయండి" అని అరిస్తే ఎవరూ చేయరు. ఎర్రచొక్కా అబ్బాయ్ అంటే వాడు చేస్తాడు.

ఆమె పేరు ఆ రోజు రాసుకోలేదు. తరువాత రెండు ఊళ్ళలో విచారించినా తెలియలేదు. బంకు యజమాని మాత్రం గోడ మీద సుద్దతో 108 అని పెద్దగా రాసి, కింద తన పేరు, పంక్చరు షాపు అబ్బాయి పేరు రాశాడు. ఆటో స్టాండువారిని అడిగితే, వచ్చే అమావాస్య నాడు అందరం కూర్చుని చెబుతామన్నారు.