రైతునకు శిక్షణ: పరీక్ష యెవరికి?

మాదాపురపు రాతిగుట్టల నడుమ 1998లో సైబరు టవర్సు వెలసినది. ఆ సంవత్సరముననే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ విద్యాలయము నెలకొన్నది. ఆ అద్దాల మేడలలో వర్ధిల్లిన విద్య పదిమైళ్ల యవతలి చేనికి ఏమి మేలు చేసినదని పఠన మందిరములలో తఱచు చర్చ జరుగుచుండును. దానికి బదులు చెప్పదగిన ప్రయత్న మొకటి కలదు.

2004 వానకారులో ట్రిపుల్ ఐటీవారు ‘ఈ-సాగు’ అను పేర వరంగల్లు ప్రాంతమందలి ఊరుగొండ, గుడెప్పాడు, ఒగ్లాపూరు గ్రామములలో 1,051 పత్తి చేలను చేపట్టిరి. చదువుకొన్న పల్లె యువకులు చేలలో దిగి ఆకును, కాయను, పురుగును ఛాయాచిత్రములు తీసి, సీడీల కెక్కించి, కొరియరులో హైదరాబాదునకు పంపువారు. ఇచ్చటి వ్యవసాయ నిపుణులు వానిని పరిశీలించి, వారమునకో రెండు వారములకో ఒక్కొక్క చేనికి వేర్వేఱుగా సలహా వ్రాసి పంపువారు. రైతు అడుగకముందే సలహా రావలెననుట ఇందలి విశేషము. రాజధానిలో అంతర్జాలము పొంగిపొరలుచున్న దినములలో పల్లె చిత్రములు మాత్రము కొరియరు సంచిలో ప్రయాణము చేయవలసివచ్చుట చదువరులు గమనింతురుగాక.

ఈ ప్రయత్నము మెచ్చదగినది. ఒకే ఉపన్యాసమును వేయిమందికి వినిపించుట శిక్షణ కాదనియు, ఒక్కొక్క చేనికి ఒక్కొక్క వ్యాధి యుండుననియు ఇది గుర్తించినది. మందుల వ్యయము తగ్గి రైతునకు లాభము కలిగినదని నడిపినవారు ప్రకటించిరి. వారి మాటను మేము శంకింపము. కాని నడిపినవారే న్యాయమూర్తులైనచో తీర్పునకు బలము చాలదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఆ సంవత్సరములలోనే చేలలో ప్రవేశించుచుండెను. కాయతొలుచు పురుగు తగ్గినది విత్తనము వలననా, సలహా వలననా, వానల వలననా? పేరు నమోదు చేసికొన్న రైతులు అంతకుముందే తక్కినవారికంటె చుఱుకైనవారు కారా? ఈ ప్రశ్నలను తేల్పక లాభమును లెక్కించుట, తూకపు రాయి లేని త్రాసుతో ధాన్యము కొలుచుటవంటిది.

ఈ పరీక్ష కఠినమైనదని చెప్పుటకు పరదేశానుభవము కలదు. 1989లో ఇండొనేషియాలో ఆరంభమైన పొలంబడి విధానము మన రాష్ట్రమునకును వచ్చినది. దానిని లోకమంతయు కొనియాడినది. తీరా 2004లో ఫెడరు మొదలైన ఆర్థికవేత్తలు ఇండొనేషియా రైతు కుటుంబముల లెక్కలను పరిశీలించి, చదివినవారి దిగుబడిలోగాని, పురుగుమందుల వాడుకలోగాని చెప్పుకోదగిన మార్పు కానరాలేదని వ్రాసిరి. విద్య పొరుగువారికి ప్రాకుననిన ఆశయు నెఱవేఱలేదట. పొలంబడి వ్యర్థమని దీని యర్థము కాదు. బడి పెట్టినంతమాత్రమున చదువు వచ్చినట్లు కాదని మాత్రమే.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారము తెలంగాణమున నూటికి 88 కమతములు అయిదెకరములకు లోబడినవే. వీరి కొఱకు 2,601 రైతు వేదికలు కట్టబడినవి. 2024 మార్చిలో ‘రైతు నేస్తం’ పేర వేదికలలో నిపుణులతో దృశ్య సంభాషణము లారంభమైనవి. శ్లాఘనీయమే. అయితే సభకు వచ్చినవారి సంఖ్యను శిక్షణ ఫలమని భ్రమింపరాదు. సంతకము పెట్టి, తేనీరు త్రాగి, పటము తీయించుకొని పోవుట హాజరే కాని అభ్యాసము కాదు. అదియునుగాక కుర్చీలలో కూర్చుండువారెవరు? కలుపు తీయునదియు, పత్తి ఏఱునదియు స్త్రీలు. పట్టా లేని కౌలుదారునకు పిలుపు అందినదా యని విచారించువారు అరుదు.

2003లో కేంద్ర ప్రభుత్వపు నమూనా సర్వే ప్రకారము, నూతన పద్ధతులను గూర్చి యే మార్గముననైనను సమాచారము పొందిన రైతు కుటుంబములు దేశమున నూటికి 40. విస్తరణాధికారి వలన పొందినవి ఆరింటికి లోపు. ఎరువుల, మందుల కొట్ల వలన పొందినవి పదమూడు! రాజేంద్రనగరములోని మేనేజ్ సంస్థ ఆ సంవత్సరమే కొట్టువారికొక డిప్లొమా ఏర్పఱచుటలో వివేకమున్నది. రోగి యెచ్చటికి పోవునో అచ్చటనే వైద్యుని తయారుచేసినట్లు. ఐనను సలహా యిచ్చువాడే సరుకమ్మువాడైనప్పుడు ‘ఈ ఏడు మందు కొట్టనక్కఱలేదు’ అను మాట అతని నోట ఎంత సులభముగ వెడలునో యోచింపుడు.

2011లో గుజరాతున 1,200 మంది పత్తి రైతులలో చీట్లు వేసి, కొందఱికే ఫోను ద్వారా సలహా లందించి, తక్కినవారితో పోల్చి చూచిరి. ఆ పద్ధతి మనకును సాధ్యమే. చీటి పడిన గ్రామములను, పడని గ్రామములను మూడు పంటలవరకు వెంబడించి, మందెన్ని సార్లు కొట్టిరి, ఎకరమున కెంత ఖర్చాయె, అప్పు తగ్గెనా యని బయటివారిచే లెక్క కట్టింపవలెను. మూడవ పంటనాటికి శిక్షకుడు వెడలిపోయి యుండును. నేర్చినది నిలిచినదో లేదో అప్పుడే తెలియును. ఆ లెక్క లాభమైనను, నష్టమైనను, ఆయా రైతు వేదిక గోడపైననే తెలుగులో అంటింపవలెనని మేము కోరుచున్నాము.