గొంతు ఆగాక వినండి

లీడర్ అనగానే మనకు ఖద్దరు చొక్కా, మైకు, వెనకాల పది కార్లు గుర్తొస్తాయి. జర్మన్ వాళ్ల లీడర్ వేరు. వాళ్ల భాషలో 'లీడ్' అంటే పాట. ఒకటైతే లీడ్, పదైతే లీడర్. పెద్ద కవుల కవితలకు పెద్ద సంగీతకారులు కట్టిన పాటలివి. హంగూ ఆర్భాటం ఏమీ ఉండవు. ఒక గొంతు, ఒక పియానో. అంతే.

నాకు జర్మన్ రాదు. మొదటిసారి ఇంట్లో ఈ పాటలు పెట్టినప్పుడు పాడుతున్నావిడ సొప్రానో. అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది. ఆ గొంతు అలా పైకి పోతూంటే వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది. "ఆవిడ ఎవరినైనా తిడుతోందా, ఏడుస్తోందా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పాట అర్థం సంపాదించి చదువుకున్నాను. మర్నాడు పాడే ఆవిణ్ని కాసేపు పక్కనపెట్టి, పియానోను మాత్రమే విన్నాను. కిటుకు అక్కడుంది!

ఆ పాట షూబర్ట్‌ది. 1814 అక్టోబర్ 19న రాశాడు. అప్పటికి అతనికి 17 ఏళ్లు. మన పిల్లలు ఇంటర్మీడియెట్ చదివే వయసు. వియన్నాలో వాళ్ల నాన్న నడిపే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాడు. గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలో గ్రెట్చెన్ అనే అమ్మాయి రాట్నం ముందు కూర్చుని, మనసు దోచుకుని వెళ్లినవాణ్ని తలుచుకుంటుంది. షూబర్ట్ తీసుకున్నది ఆ కవితనే.

పియానో వాయించేవాడి కుడిచెయ్యి రాట్నం చక్రంలా ఆగకుండా గిర్రున తిరుగుతూంటుంది. ఎడమచెయ్యి కాలితో పలక తొక్కుతున్నట్టు దరువేస్తూంటుంది. అమ్మాయి అతని నడకను, నవ్వును, చేతి స్పర్శను తలుచుకుంటుంది. చివరికి అతని ముద్దు గుర్తొస్తుంది. ఠక్కున రాట్నం ఆగిపోతుంది! ఒళ్లు మరిచిన పిల్ల తొక్కడం మానేసిందన్నమాట. తర్వాత తేరుకుంటుంది. రాట్నం ఒకసారి కదిలి ఆగుతుంది. మళ్లీ కదిలి ఆగుతుంది. ఆ తర్వాత గానీ దారిలో పడదు.

రాట్నం ఆగిందని గోథే తన కవితలో ఎక్కడా రాయలేదు. పాడే అమ్మాయీ చెప్పదు. చెప్పింది పియానో. మన కచేరీలో వయొలిన్ గాయకుడి వెన్నంటి వెళుతుంది, ఆయన పాడిందాన్ని మళ్లీ పలికి మెరుగుపెడుతుంది. ఇక్కడి పియానో అలా కాదు. పాడే మనిషి నోరు విప్పి చెప్పుకోలేనిది అది చెబుతుంది. షూబర్ట్ బతికింది 31 ఏళ్లే. ఆలోగా 600కు పైగా పాటలు కట్టాడు.

ఇంకో పాట చెబుతాను. పాట అనకూడదు, ఎనిమిది పాటల దండ. పేరు 'స్త్రీ ప్రేమ, జీవితం'. షమిస్సో అనే కవి రాసినవాటికి రాబర్ట్ షూమన్ 1840 జూలైలో స్వరాలు కట్టాడు. ఆ ఏడాది అతను వందకు పైగా పాటలు రాశాడు. కారణం క్లారా. ఆమె అప్పటికే యూరప్ మెచ్చిన పియానో విద్వాంసురాలు. వాళ్ల నాన్న పెళ్లికి ససేమిరా అంటే ఇద్దరూ కోర్టుకెక్కారు. కోర్టు అనుమతితో సెప్టెంబర్ 12న పెళ్లి చేసుకున్నారు. అంటే ఈ పాటలు పెళ్లికి రెండు నెలల ముందువి.

మొదటి పాటలో ఒక అమ్మాయి అతన్ని చూస్తుంది. తర్వాత ఉంగరం, పెళ్లి, చంటిబిడ్డ. ఎనిమిదో పాటలో భర్త చనిపోతాడు. ఆమె నాలుగు మాటలని, తన లోపలికి తాను వెళ్లిపోయి మౌనమైపోతుంది. గొంతు ఆగిపోతుంది. అప్పుడు పియానో ఒక్కటే మొదటి పాట సంగీతాన్ని, ఆమె అతన్ని తొలిసారి చూసిననాటి సంగీతాన్ని మెల్లగా మళ్లీ వాయిస్తుంది. మాటలు లేవు. ఇంట్లో పెద్దదిక్కు పోయాక ఒక మూల కూర్చుని శూన్యంలోకి చూసే మనిషిని మీరెప్పుడైనా చూసి ఉంటే, దీనికి అనువాదం అక్కర్లేదు.

ఈ పాటల మీద ఒక ఫిర్యాదు ఉంది. రాసింది మగవాడు, స్వరం కట్టింది మగవాడు, 'భర్తే నా లోకం' అని పాడాల్సింది మాత్రం ఆడమనిషి! ఫిర్యాదు న్యాయమైందే. కానీ దానికి జవాబు క్లారా జీవితంలోనే ఉంది. షూమన్‌కు మతి చెడింది. 1854 నుంచి బాన్ దగ్గర ఓ మానసిక చికిత్సాలయంలో ఉండి, 1856లో అక్కడే పోయాడు. క్లారాకు అప్పుడు 36 ఏళ్లు, ఏడుగురు పిల్లలు. పాటలోని స్త్రీలా ఆమె తలుపు మూసుకు కూర్చోలేదు. ఊరూరా కచేరీలు చేసి ఇల్లు నెట్టుకొచ్చింది, భర్త సంగీతాన్ని లోకానికి వినిపించింది. దాదాపు 40 ఏళ్లు అలాగే గడిపి 1896లో కన్నుమూసింది. గొంతు ఆగాక పియానో వాయించినట్టే కదా!

తీరిక దొరికినప్పుడు మీరూ విని చూడండి. ఎలీ ఆమెలింగ్ పాడిన రికార్డులతో మొదలుపెట్టవచ్చు. ముందు అర్థం చదవండి. ఒకసారి గొంతు కోసం వినండి, ఇంకోసారి పియానో కోసం వినండి. పాడే ఆవిడ ఆగగానే పాట అయిపోయిందనుకుని తర్వాతి పాటకు వేలు పోనివ్వకండి.

అసలు మాట అప్పుడే మొదలవుతుంది.