ఇల్లు అప్పగించుటకు ముందు

హోసూరు ప్రాంతమున మనవారి అద్దె యిండ్లకు ఆషాఢమున తాళములు పడును. మన ఆషాఢము ముగియునంతలో తమిళుల ఆడి మాసము వచ్చి కూర్చుండును గనుక, రెండు లెక్కలను పాటించు మనకు ఒక్కొక్క యేడు రెండు నెలలవరకు క్రొత్త కాపురము దిగదు. అద్దెపై బ్రతుకు కుటుంబములకు ఇది నష్టమే. అయినను ఆ ఖాళీ దినములను ఇల్లు బాగుచేయుటకు వినియోగించువారు మనలో అరుదు. శ్రావణము రాగానే అడ్వాన్సు పుచ్చుకొని, తాళపుచెవి చేతబెట్టి, "మిగిలినవి నెమ్మదిగా చూచుకొందము" అనుట మన వాడుక.

మేమును అట్లు చేసినవారమే. రెండేండ్ల క్రిందట మా యింటిలో ఒక భాగమును, కర్మాగారపు పనికై చిత్తూరు జిల్లానుండి వచ్చిన యొక కుటుంబమునకు ఇచ్చితిమి. గోడలకు సున్నము కొట్టించితిమి గాని, స్నానాల గదిలోని హీటరును ఎవరికిని చూపింపలేదు. దాని ఎర్తు తీగను ఎలుకలు కొఱికియుండెను. పాలు పొంగించిన మఱునాడే ఆ యిల్లాలు కొళాయి ముట్టి షాకు తగిలి పడిపోయెను. మోచేయి విఱిగెను గాని ప్రాణము దక్కెను. ఆమె భర్త మమ్ము పల్లెత్తు మాట అనలేదు. అనియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

నాటినుండి మా యింట మొదటి పని ఎలక్ట్రీషియనుది. ఎర్తు సరిగా నున్నదని అతడు పరీక్షించి చెప్పవలెను. కరెంటు లీకైనంతనే సరఫరాను ఆపివేయు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. మెయిను పెట్టెలో నుండవలెను. పిమ్మట మిద్దెమీది నీళ్ల తొట్టి. అడుగు మడ్డి తోడించి, రుద్ది కడిగించి, నీరు నింపి, వేయి లీటర్లకు 200 గ్రాముల లెక్కన బ్లీచింగు పొడిని బకెట్టులో కలిపి, తేటను మాత్రము అందులో పోయించుచున్నాము. రాత్రియంతయు ఉంచి, ఆ నీటిని పూర్తిగా వదలి, మరల కడిగిన గాని వాడరాదు. నెలలు మూసియున్న యింట స్నానాల గది జాలీ క్రింది వంపులోని నీరు ఎండిపోయి, కాలువ కంపును బొద్దింకలును లోనికి వచ్చును. దానికి రెండు చెంబుల నీళ్లే మందు. సున్నము చివరి పని. మనవారు దానినే మొదట చేసి, అంతటితో ముగింతురు.

తమిళనాట 2017 నాటి గృహ యజమానుల, అద్దెదారుల చట్టము 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులోనికి వచ్చినది. ఒప్పందమున వేరుగా వ్రాసికొననిచో సున్నము, తలుపుల రంగు, గొట్టముల మార్పు, విద్యుత్తు తీగల పని యజమానివని దాని భావము. కొళాయి వాషర్లు, స్విచ్చులవంటి చిన్న మరమ్మతులు అద్దెదారునివి. అయినను వెళ్లువాని అడ్వాన్సులో సున్నమునకని ఒక నెల అద్దె విఱుచుకొనువారు మనలో పలువురు. ఆ సొమ్ముతో సున్నమైనను కొట్టింపనివారిని గూర్చి మేము వ్రాయబూనలేదు.

ఒప్పందము వ్రాతమూలకముగా నుండవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. మన ఊర దానిని తమిళమున వ్రాయింతుము. సరిహద్దు దాటి వచ్చిన తెలుగువాడు చదువలేని కాగితముపై చేవ్రాలు చేయును. మన తాతలు ఈ నేలపై అట్టి కాగితములెన్నింటికో వ్రేలిముద్రలు వేసియుందురు. కావున తెలుగు ప్రతి యొకటి చేర్చుడు. మీటరు అంకె, పంకాలు, తాళపుచెవుల సంఖ్య, గోడ పగుళ్లు సహా అందు వ్రాసి, ఇరువురును చేవ్రాలు చేయుడు. ఇంట తెలుగు చదువుకొన్న పిల్ల యున్నచో ఆమెచేతనే వ్రాయింపుడు. నమూనా ప్రతులు సంఘ కార్యాలయమున ఆదివారము ఉదయము దొరకును.