సుంకపు ముచ్చలికలు

రేవుపట్టణములలో వర్తకము చేయువారికి ముచ్చలిక యను మాట క్రొత్తది కాదు. దిగుమతియైన సరకుపై ప్రభుత్వమునకు రావలసిన సుంకమును తప్పక చెల్లింతునని వర్తకుడు వ్రాసి యిచ్చు పత్రమే ముచ్చలిక. అతడు చెల్లింపనిచో మేము చెల్లింతుమని బ్యాంకియో, భీమా కంపెనీయో నిలుచుట జామీను. ఈ యేర్పాటు న్యాయమైనదే. సుంకము తేలువరకు సరకు రేవున క్రుళ్లనక్కరలేదు; ఖజానాకును నష్టము రాదు. కాని జామీను బాకీకి తగినదై యుండవలెను. అంతకు మించెనా, అది కాపలా కాదు, అడ్డుగోడ యగును. ఈ సంగతిని మన రొయ్యల వర్తకమే లోకమునకు ఋజువు చేసినది గాన ఆ వృత్తాంతమును మా పాఠకులకు జ్ఞాపకము చేయుచున్నాము.

సరియైన ధరకంటె చౌకగా వచ్చుచున్నవను కారణమున అమెరికా సంయుక్త రాష్ట్రములవారు 2005 ఫిబ్రవరిలో భారతదేశపు రొయ్యలపై ప్రత్యేక సుంకము విధించిరి. మన వర్తకులలో పెక్కురికి అది నూటికి పదికి పైచిలుకు. దానిని సరకు దిగునప్పుడే నగదుగా డిపాజిటు కట్టవలెను. అంతటితో తృప్తి నొందక, అచ్చటి కస్టమ్సు శాఖవారు 2004లో సవరించిన నిబంధన ననుసరించి, గడచిన పండ్రెండు మాసముల దిగుమతి విలువపై ఆ సుంకమెంత యగునో అంత మొత్తమునకు ముచ్చలికయు కోరిరి.

లెక్క చూడుడు. ఏటికి కోటి డాలర్ల రొయ్యలు దింపుకొను వర్తకుడు నూటికి పదివంతున పదిలక్షల డాలర్లు నగదుగా కట్టును. సాధారణ నియమము ప్రకారము వెనుకటి యేట చెల్లించిన సుంకములలో పదియవ వంతునకు, అనగా లక్ష డాలర్లకు, ముచ్చలిక చాలును. క్రొత్త నియమముచే అది పదిలక్షలాయెను. అచ్చటి పద్ధతిలో తుది సుంకము సరకు దిగిన చాలకాలమునకు గాని తేలదు. అంతవరకు జామీను కంపెనీ తన యొద్ద తాకట్టు పెట్టిన సొమ్ము విడువదు. మరుసటి యేడు మరియొక ముచ్చలిక, దానికి మరియొక తాకట్టు. మన యెగుమతిదారులలో పలువురు అమెరికాలో తామే దిగుమతిదారులుగా నిలిచి సరకు విడిపించుకొనుచుండిరి గనుక ఈ బరువు నేరుగా వారిపైననే పడెను. మూలధనము పరదేశమున బందీయైనచో భీమవరమునను, నెల్లూరునను చెరువుగట్టున రొయ్య కొనుటకు వర్తకుని చేత రొక్కమేది? కొనువాడు వెనుదీసిన ధర పడిపోవును. ఆ నష్టము తుదకు రైతు తలపై దిగును.

అమెరికావారి వాదమును గూడ వినవలెను. చైనానుండి క్రేఫిష్ అను రొయ్యజాతి మాంసమును దింపుకొన్నవారు కొందరు తుది సుంకము తేలునాటికి కంటికి కనబడకపోయిరి. బాకీలు వసూలు కాలేదు. ఆ యనుభవముతో జాగ్రత్తపడుట దోషము గాదు. కాని ఒకరు ఎగవేసిన బాకీకి మరియొకరిని దొంగగా నెంచుట ఏ ధర్మశాస్త్రము? నిబంధన యితర సరకులకును వర్తింపదగినదైనను ఆచరణలో రొయ్యలకే వర్తింపజేసిరి.

భారత ప్రభుత్వము 2006లో ఈ వివాదమును ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట పెట్టెను. థాయిలాండును వేరుగా ఫిర్యాదు చేసెను. 2008 ఫిబ్రవరిలో విచారణ సంఘమును, జూలైలో అప్పీలు సంఘమును ఈ అదనపు జామీను సమంజసము కాదని తీర్పు చెప్పినవి. రొయ్యలపై సుంకము మునుముందు గణనీయముగ పెరుగునని చూపలేనప్పుడు, నగదు డిపాజిటుపైన మరల జామీను కోరుట తగదనుటయే అప్పీలు తీర్పు సారాంశము. 2009లో అమెరికావారు ఆ నిబంధనను రొయ్యలపైనుండి తొలగించిరి.

ఈ తీర్పు పాతబడలేదు. 2025 ఆగస్టులో అమెరికావారు భారతదేశపు సరకులు పెక్కింటిపై వేసిన అదనపు సుంకము నూటికి ఏబదివరకు పోయెను. ముచ్చలిక సుంకమునకు నీడవంటిది. సుంకము పెరిగిన, సాధారణ నియమము చొప్పుననే జామీనును పెరుగును. సరకు కొనుటకు మిగులు సొమ్ము తరుగును.

ఇక మన యింటి సంగతి. 1962 నాటి మన కస్టమ్సు చట్టము ప్రకారము సుంకము కట్టక గిడ్డంగిలో సరకు నుంచువాడు సుంకమునకు రెట్టింపు మొత్తమునకు ముచ్చలిక వ్రాయుచుండెను. 2016 సవరణతో అది మూడు రెట్లాయెను. ఆ సవరణతోనే సామాన్యపు గిడ్డంగులకు అధికారి తాళము తీసివేసి వర్తకుని లెక్కలను నమ్మసాగిరి. తాళము పోయినందున కాగితము బలపడెనందురు, ఒప్పుకొందము. ముచ్చలిక కేవలము వాగ్దానము. బ్యాంకి జామీను కోరినప్పుడే రొక్కము బిగియును. నమ్మదగిన వర్తకులను గుర్తించి వారి జామీనును సగమునకు, పావునకు తగ్గించి, పై తరగతివారికి పూర్తిగా విడిచిపెట్టు పద్ధతి మనకు కలదు. పద్ధతి మేలైనదే. కాని ఆ గుర్తింపునకు వలయు రికార్డులు, లెక్కలు పెద్ద కంపెనీల గుమాస్తాలకు సులభము; చిన్న వర్తకునకు దుర్లభము. జామీను బరువు నిజముగా నోర్వలేనివాడే అతడు!

సరకు విడుదలయై బాకీ తీరినచో ముచ్చలికను అధికారి రద్దు చేయవలెనని చట్టము 73వ సెక్షను శాసించుచున్నది. ఇది దయాభిక్ష కాదు, హక్కు. దీనికి గడువు నిర్ణయింపవలెననియు, జామీను కోరునప్పుడు కారణమును వ్రాతమూలకముగా తెలుపవలెననియు, చిన్న వర్తకునకు గుర్తింపు పద్ధతిని సులభము చేయవలెననియు మేము కోరుచున్నాము. రేవునుండి లోనాటి డిపోలకు సరకు తరలించు రవాణా కంపెనీల ముచ్చలికలకును ఇదే న్యాయము.

వర్తకులకును ఒక మాట. 2011 నుండి సరకు విలువను, సుంకమును ముందుగా తామే లెక్కగట్టి తెలుపు బాధ్యతను చట్టము వారిపై నుంచినది. తప్పుడు బీజకము చూపు వాడు ఖజానానే గాక, పొరుగు వర్తకుని పరపతిని గూడ దొంగిలించుచున్నాడు. అట్టివారిని వర్తక సంఘములు దాచరాదు.

పూచీ బాకీకి మించరాదు, అనుమానమునకు ఆధారముండవలెను. పరరాజ్యముపై మనము గెలిచిన న్యాయమిది. దానిని విశాఖపట్టణపు రేవున మన వర్తకునకు నిరాకరించినచో ఆ గెలుపు కాగితముపైననే మిగులును.